కీ ఎక్కడుంది బాబాయ్? బిల్లుల మీద డిజిటల్ సంతకం: ప్రాజెక్టు డైరీ

జూన్ 9, సోమవారం

గుంటూరులో మా బాబాయ్‌ది పైపులు, మోటార్ల హోల్‌సేల్ షాపు. రోజుకి 60 దాకా బిల్లులు పడతాయి. కొనేవాళ్లలో సగం మంది కాంట్రాక్టర్లు. పీడీఎఫ్ బిల్లు మీద డిజిటల్ సంతకం లేకపోతే వాళ్ల ఆఫీసుల్లో కాగితం కదలదట. అందుకని రోజూ సాయంత్రం ఏడింటికి షట్టర్ సగం దించేసి అకౌంటెంట్ గారు కూర్చుంటారు. ఒక పీడీఎఫ్ తెరవడం, మౌస్‌తో మూలన డబ్బా గీయడం, పిన్ను కొట్టడం, సేవ్ చేయడం. మళ్లీ ఇంకోటి. ఆయన ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర.

"ఏరా, నువ్వు చేసే పని ఇదేగా, ఏదో ఒక ప్రోగ్రాం రాసి పడేయ్" అన్నాడు బాబాయ్. నేను విజయవాడలో పైథాన్ భాషలో ప్రోగ్రాంలు రాసుకుని బతుకుతున్నాను. సర్టిఫికెట్ల గురించి నాకు తెలిసిందల్లా బ్రౌజర్లో కనిపించే తాళం బొమ్మ వరకే. శని, ఆదివారాల్లో అయిపోయే పనేలే అనుకుని సరేనన్నాను.

సంతకానికి వాడే యూఎస్‌బీ పరికరం, అంటే టోకెన్, చూపించమంటే అకౌంటెంట్ గారు డ్రాయర్లోంచి తీశారు. అచ్చం పెన్ డ్రైవ్‌లా ఉంది. దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, ప్లాస్టర్ మీద బాల్ పెన్నుతో ఎనిమిది అంకెలు.

"ఇదేంటండీ?"

"పిన్ను బాబూ. మర్చిపోతానని రాసుకున్నా."

సంతకం బాబాయ్‌ది. టోకెన్ అకౌంటెంట్ గారి డ్రాయర్లో. పిన్ను టోకెన్ వీపు మీద. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను.

జూన్ 10

ప్రోగ్రాంతో సంతకం చేయించాలంటే ముందు సంతకం పెట్టే రహస్య అంకె, అంటే ప్రైవేట్ కీ, దొరకాలి. "ఆ ఫైలు నా దగ్గరే ఉంది, మెయిల్ చేస్తా" అన్నారు అకౌంటెంట్ గారు. వచ్చింది. తెరిచి చూస్తే బాబాయ్ పేరు, రాష్ట్రం, పోస్టల్ పిన్‌కోడ్, పాన్ నంబరును హ్యాష్ చేసిన (అంటే వెనక్కి తిప్పలేని వేలిముద్రలా మార్చిన) 64 అక్షరాల పొడుగాటి గొలుసు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో తేదీలు, సంతకాన్ని సరిచూడ్డానికి పనికొచ్చే ఒక పబ్లిక్ కీ. ప్రైవేట్ కీ లేదు. ఉండదు కూడా. సర్టిఫికెట్ అంటే "ఈ పబ్లిక్ కీ ఫలానా మనిషిదే" అని లైసెన్స్ ఉన్న సంస్థ సంతకం పెట్టి ఇచ్చిన ధ్రువపత్రం. దాన్ని ఊరంతా పంచినా నష్టం లేదు. సంతకం పెట్టేది దాని జంట కీ.

"అయితే ఇంకో ఫైలుంది" అంటూ పాత పెన్ డ్రైవ్ తీసిచ్చారు. ఈసారి పీఎఫ్ఎక్స్. అందులో సర్టిఫికెట్, కీ రెండూ ఒకే మూటలో ఉంటాయి కాబట్టి హుషారుగా ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే టూల్‌తో తెరవబోయాను. పాస్‌వర్డ్ సరైనదే, కానీ 'అన్‌సపోర్టెడ్' అని ఎర్రర్. అరగంట ఆ పాస్‌వర్డ్‌నే రకరకాలుగా కొట్టి చూశాను. అసలు సంగతేంటంటే, పాత పీఎఫ్ఎక్స్ ఫైళ్లలో సర్టిఫికెట్ భాగాన్ని 40 బిట్ల ఆర్‌సీ2 అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతితో కప్పి ఉంచేవారు. 2021లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 అలాంటి బలహీనమైనవాటిని 'లెగసీ' అనే పక్క గదిలోకి నెట్టేసింది. కమాండ్‌లో ఆ లెగసీ ఆప్షన్ ఇస్తే చాలు, తెరుచుకుంది. కీ కూడా ఉంది. సర్టిఫికెట్ గడువు మాత్రం 2017లోనే తీరిపోయింది.

అప్పట్లో క్లాస్ 2 అనే రకం సర్టిఫికెట్లని ఇలా ఫైలుగా ఇచ్చేవారు. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 ఇవ్వడమే మానేశారు. ఇప్పుడున్నది క్లాస్ 3. కీ పుట్టడమే టోకెన్ లోపల పుడుతుంది. అంటే నేను రోజంతా వెతికిన ఫైలు ఈ భూమ్మీదే లేదన్నమాట.

(పాత ఫైళ్లతో కుస్తీ పట్టేవాళ్లకి ఒక మాట. పెమ్ ఫైలైతే (కీనో సర్టిఫికెట్‌నో మామూలు అక్షరాల్లో రాసిన ఫైలు) మొదటి లైను చదవండి. అక్కడ 'బిగిన్ సర్టిఫికెట్' అని ఉంటే అందులో రహస్యమేమీ లేదు. 'బిగిన్ ప్రైవేట్ కీ' అంటే పీకేసీఎస్8 అనే కీ ఫార్మాట్. మధ్యలో 'ఆర్ఎస్ఏ' అని ఉంటే అంతకంటే పాత పీకేసీఎస్1. లైబ్రరీ (మనం వాడుకునే రెడీమేడ్ కోడ్) ఒకటి అడిగితే మనం ఇంకోటి ఇవ్వడం వల్లే సగం ఎర్రర్లు.)

జూన్ 11

టోకెన్ ముట్టుకోకముందే ప్రాక్టీస్ కోసం సొంతంగా ఒక టెస్ట్ సర్టిఫికెట్ చేసుకున్నాను. రాత్రి 9:40కి తయారైంది. దానితో పెట్టిన సంతకాన్ని చెక్ చేస్తే "ఈ సర్టిఫికెట్ ఇంకా మొదలు కాలేదు" అంటోంది. ఇప్పుడే పుట్టించాను కదా!

సర్టిఫికెట్లో టైము ఎప్పుడూ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే లెక్క, మన టైము కంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. నేను మన ల్యాప్‌టాప్ టైమును టైమ్‌జోన్ చెప్పకుండా ఇచ్చాను. లైబ్రరీ దాన్ని యూటీసీ 21:40 అనుకుంది. మన లెక్కలో అది తెల్లవారుజాము 3:10. ఐదున్నర గంటలు ఆగితే దానంతటదే చెల్లేది. నేను వాడిన పైథాన్ లైబ్రరీ, దాని పేరే 'క్రిప్టోగ్రఫీ', వెర్షన్ 42లో పాత తేదీ ఫీల్డులని పక్కన పెట్టి, పేరు చివర యూటీసీ అని ఉన్న కొత్తవి తెచ్చింది ఇందుకే కాబోలు. పాత ట్యుటోరియల్ చూసి రాసిన ఫలితం.

జూన్ 14, శనివారం

మూడు రోజులది కలిపి రాస్తున్నాను. ఈ ప్రాజెక్టులో నాకు నిజంగా మజా వచ్చింది ఇక్కడే.

టోకెన్‌తో మాట్లాడాలంటే పీకేసీఎస్11 అనే పద్ధతి ఉంది. టోకెన్ తయారీదారు ఒక డ్రైవర్ లైబ్రరీ ఇస్తాడు. మన కోడ్ దాన్ని లోడ్ చేసి, సెషన్ తెరిచి, పిన్నుతో లాగిన్ అయి, "నీలో ఏమున్నాయి?" అని అడుగుతుంది. అడిగితే ప్రైవేట్ కీ వస్తువు కనిపించింది. అబ్బ దొరికింది అనుకుని దాని లోపలి అంకె చదవబోతే 'సెన్సిటివ్' అని మొహం మీదే తలుపేసింది. 'ఎక్స్‌ట్రాక్టబుల్' అనే గుర్తు కూడా 'కాదు' అనే ఉంది. పిన్ను తెలిసినా, టోకెన్ చేతిలో ఉన్నా కీ బయటికి రాదు. మనం చేయగలిగింది ఒక్కటే: పత్రం హ్యాష్ లోపలికి పంపడం, సంతకం బయటికి తీసుకోవడం. బ్యాంకు లాకర్ లోపల ఒక గుమాస్తా కూర్చున్నట్టు. చీటీ లోపలికి వెళ్తుంది, ముద్ర పడి బయటికొస్తుంది, గుమాస్తా మాత్రం రాడు.

సరే, షా-256 అనే పద్ధతిలో తీసిన 32 బైట్ల హ్యాష్ పంపాను. అర సెకను పైనే పట్టింది, 256 బైట్ల సంతకం వచ్చింది. ఎర్రర్ లేదు. పీడీఎఫ్‌లో పెట్టి రీడర్లో తెరిస్తే ఎర్ర గుర్తు: సంతకం చెల్లదు.

మొదట అనుమానం పీడీఎఫ్ మీదకి పోయింది. పీడీఎఫ్ సంతకంలో చిన్న గమ్మత్తు ఉంటుంది. సంతకం కూర్చునే చోటు ఫైలు లోపలే కాబట్టి, ముందే అక్కడ సున్నాలతో ఒక ఖాళీ వదలాలి. ఆ ఖాళీకి ముందున్నదీ, వెనకున్నదీ కలిపి హ్యాష్ తీయాలి. ఏ బైటు నుంచి ఏ బైటు దాకా అన్నది నాలుగు అంకెల్లో ఫైల్లోనే రాయాలి. ఖాళీకి అటూ ఇటూ ఉండే కోణపు బ్రాకెట్లు కూడా ఖాళీలోకే లెక్క. నేను ఒకదాన్ని బయట వదిలేశాను. దిద్దాను. అయినా ఎర్ర గుర్తే.

శుక్రవారం రాత్రి సంతకాన్నే విప్పి చూద్దామనిపించింది. ఈ టోకెన్ వాడే ఆర్ఎస్ఏ అనే సంతకం పద్ధతిలో ఇది కుదురుతుంది. పబ్లిక్ కీతో వెనక్కి తిప్పితే టోకెన్ దేని మీద సంతకం పెట్టిందో ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. వచ్చిన బైట్లు ఇవి: 00, 01, తర్వాత బారుగా ఎఫ్ఎఫ్‌లు (ఒక్కోటి ఒక బైటు), ఒక 00, చివర నా 32 బైట్లు. ఎఫ్ఎఫ్‌లు లెక్కపెడితే 221. సరైన సంతకాన్ని ఇలాగే విప్పితే 202 ఉండాలి. తేడా 19. ఆ 19 బైట్లలో "ఈ వచ్చేది షా-256 హ్యాష్" అని చెప్పే తలకట్టు ఉండాలి. నేను ఎంచుకున్న పద్ధతిలో దాన్ని మనమే తగిలించి పంపాలి. టోకెన్ అడగదు, ఏది ఇస్తే దాని మీద కళ్లు మూసుకుని వేలిముద్ర వేసేస్తుంది. తగిలించి 51 బైట్లు పంపాను. ఎర్ర గుర్తు పోయింది. రాత్రి ఒకటిన్నరకి ఒక్కణ్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇదంతా అర్థమయ్యాక చేత్తో రాసిన కోడ్ మొత్తం తీసేసి పీడీఎఫ్ సంతకాలకే ఉన్న పైహాంకో లైబ్రరీకి మారిపోయాను. ఖాళీలు వదలడం, తలకట్టు తగిలించడం అన్నీ అదే చూసుకుంటుంది. నేర్చుకోడానికి చేత్తో రాయడం మంచిదే. షాపులో నడిచే కోడ్‌కి వద్దు.

జూన్ 16, సోమవారం

షాపు కంప్యూటర్లో పెట్టాను. పది బిల్లులు పరీక్షగా చేస్తే "ఈ సర్టిఫికెట్ సంతకానికి ఉద్దేశించింది కాదు" అని రీడర్ గొణిగింది. నా ల్యాప్‌టాప్‌లో బాగానే పని చేసిందిగా.

టోకెన్లో ఉన్నవాటి చిట్టా తీస్తే మూడు సర్టిఫికెట్లు, మూడిటి మీదా బాబాయ్ పేరే. ఒకటి కిందటి గడువుది, అలాగే పడి ఉంది. ఇంకోటి సంతకానికి. మూడోది ఎన్‌క్రిప్షన్‌కి. బాబాయ్ గవర్నమెంటు టెండర్లు వేస్తాడు కాబట్టి రెండూ కలిపి తీసుకున్నారు. నా కోడ్ 'మొదట కనిపించింది' తీసుకుంటోంది. ఏది మొదట కనిపిస్తుందన్నది డ్రైవర్ ఇష్టం. కాబట్టి ఇప్పుడు ముందు గడువు చూస్తాను. తర్వాత కీని ఏ పనికి వాడొచ్చో చెప్పే 'కీ యూసేజ్'లో 'నాన్ రిప్యూడియేషన్' (నేను పెట్టలేదని తర్వాత అనలేని సంతకం) ఉందా అని చూస్తాను. చివరగా ఆ సర్టిఫికెట్ ఐడీ, ప్రైవేట్ కీ ఐడీ ఒకటేనా అని చూస్తాను. పేరు చూసి ఎంచుకోవడం మానేశాను.

రాత్రి వెళ్లబోతూ ఒక సౌకర్యం చేసి వెళ్లాను. ప్రతిసారీ పిన్ను కొట్టక్కర్లేకుండా దాన్ని ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టాను. దాని గురించి రేపు రాయాల్సొస్తుందని అప్పుడు తెలీదు.

జూన్ 17

పొద్దున పది దాటి ఐదు నిమిషాలకి ఫోను. "ఒరేయ్, టోకెన్ ఏదో లాక్ అంటోంది."

జరిగింది ఇది. పిన్ను ఫైలు నా ల్యాప్‌టాప్‌లో రాసి కాపీ చేశాను. నా ఎడిటర్ ఫైలు చివర ఒక కొత్త లైను గుర్తు దానంతటదే పెడుతుంది. ఎనిమిది అంకెల పిన్ను తొమ్మిది బైట్లయింది. అంటే తప్పు పిన్ను. పైగా నా కోడ్‌లో ఒక మంచి అలవాటు ఉంది: ఏ పనైనా ఫెయిలైతే మొత్తం మూడుసార్ల దాకా ప్రయత్నించడం. నెట్‌వర్క్‌కి అది మంచిదే. మొదటి బిల్లుకి మూడు, రెండో దానికి మూడు, మూడో దానికి మూడు, నాలుగో బిల్లు మొదటి దెబ్బకి పది. ఈ టోకెన్‌లో పదితో సరి. షట్టర్ పూర్తిగా ఎత్తకముందే అయిపోయింది.

దీన్ని తీయడానికి అడ్మిన్ పిన్ను కావాలి. టోకెన్ అమ్మినాయన్ని అడిగితే అది తన దగ్గర లేదనీ, ఇనిషియలైజ్ చేయడం ఒక్కటే దారనీ అన్నాడు. ఇనిషియలైజ్ అంటే లోపలున్న కీలన్నీ తుడిచిపెట్టడం. బ్యాకప్ లేదు. బయటికి రాని కీకి బ్యాకప్ ఎక్కణ్నుంచి వస్తుంది? మూడు రోజుల కింద నేను మురిసిపోయిన గుణమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

అన్నిటికంటే టెన్షన్ పెట్టిన మాట బాబాయ్ చివర్లో అన్నాడు. "రేపు సాయంత్రం ఐదింటికి టెండర్ ఆఖరు రా."

నేను బస్సెక్కేశాను. మధ్యాహ్నానికి కొత్త సర్టిఫికెట్‌కి అప్లై చేశాం. ఫోనుకి, మెయిల్‌కి ఓటీపీలు, పాన్, తర్వాత వీడియో. బాబాయ్ గోడౌన్లో మోటార్ల మధ్య నిలబడి ఫోను ముందు పేరు చెప్పాడు. వెనక ఎవరో పైపులు దించుతున్న చప్పుడుకి ఒకసారి వెనక్కి కొట్టారు, ఆఫీసు గదిలో మళ్లీ తీశాం. మర్నాడు మూడింటికి చేతికొచ్చింది. పోర్టల్లో కొత్త సర్టిఫికెట్ నమోదు చేసి, నాలుగు నలభైకి టెండర్ వేశాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

ఆ టీ తాగుతూ అడిగాడు: "అయితే ఇన్నాళ్లూ పెట్టిన సంతకాలు పోయినట్టేనా?" పోలేదు. సంతకాన్ని సరిచూడ్డానికి పబ్లిక్ కీ చాలు, అది ప్రతి బిల్లు లోపలే ఉంది. పోయింది కొత్తగా సంతకం పెట్టే శక్తి మాత్రమే. పాత సర్టిఫికెట్‌ని రద్దు చేయించాలా అని కూడా ఆలోచించాను. కీ ఎవరి చేతిలోనైనా పడి ఉంటే ఆలస్యం చేయకుండా చేయించాలి. ఇక్కడ కీ తుడిచిపెట్టుకుపోయింది, టోకెన్ డ్రాయర్ దాటి వెళ్లలేదు. పైగా పాత బిల్లుల మీద బయటి టైమ్‌స్టాంప్ (సంతకం ఎప్పుడు పెట్టారో బయటి సర్వర్ వేసే ముద్ర) లేదు. రద్దు చేస్తే ఆ సంతకం రద్దుకి ముందుదో తర్వాతదో రీడర్‌కి తెలిసే దారి ఉండదు, మంచి బిల్లులని కూడా అనుమానిస్తుంది. అందుకే వదిలేశాం.

ఇంటికొచ్చాక పీకేసీఎస్11 డాక్యుమెంటు మళ్లీ తీశాను. టోకెన్ సమాచారంలో రెండు గుర్తులుంటాయి. ఒకటి, పిన్ను తప్పు పడింది, జాగ్రత్త అని. రెండోది, ఇదే ఆఖరి ప్రయత్నం అని. అడిగితే చెప్పడానికి అది సిద్ధంగానే ఉంది. నేనే అడగలేదు.

జూన్ 24

వారం రోజులు కోడ్ ముట్టుకోలేదు. ఆఫీసు పని ఒక కారణం, సిగ్గు ఇంకో కారణం.

ఈలోగా ఐటీ చట్టం 2000 తిరగేశాను. 42వ సెక్షన్ నేరుగా దీని గురించే. సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు తమ ప్రైవేట్ కీని తమ అదుపులో ఉంచుకోవాలి, అది బయటపడకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. ఆ వాక్యం చదువుతుంటే ప్లాస్టర్ ముక్క కళ్ల ముందు మెదిలింది. ఆ తర్వాత నా టెక్స్ట్ ఫైలు. నిజానికి రెండూ ఒకటే. అకౌంటెంట్ గారు పెన్నుతో రాశారు, నేను కీబోర్డుతో రాశాను. నవ్వింది మాత్రం నేను.

కాబట్టి డిజైన్ మారింది. పిన్ను ఎక్కడా రాసి ఉండదు. పొద్దున షాపు తీశాక బాబాయే కూర్చుని పిన్ను కొడతాడు. ఆ లాగిన్ సెషన్ రాత్రి షట్టర్ దించేదాకా తెరిచి ఉంటుంది. అకౌంటెంట్ గారు బిల్లులు తయారు చేసి వరుసలో పెడతారు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి బాబాయ్ ఆ వరుస చూసి 'సంతకం' నొక్కుతాడు. పిన్ను ఒక్కసారి తప్పు పడితే ప్రోగ్రాం ఆగిపోతుంది, మళ్లీ ప్రయత్నించదు. లాగిన్‌కి ముందు ఆ రెండు గుర్తులూ చదువుతుంది. ప్రోగ్రాం రాసుకునే లాగ్ ఫైల్లో బిల్లు నంబరు, హ్యాష్, సర్టిఫికెట్ సీరియల్ పడతాయి. పిన్ను పడదు.

మధ్యలో ఒక చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై, కొని టోకెన్ దానికి తగిలిద్దామని సరదా పడ్డాను. డ్రైవర్ ఇంటెల్ రకం ప్రాసెసర్లకే ఇచ్చారు. సరదా తీరింది. మూలన పడున్న పాత డెస్క్‌టాప్ దుమ్ము దులిపాం.

జూన్ 27

టెండర్ పనికని అకౌంటెంట్ గారు మధ్యలో టోకెన్ పీకేశారు. సెషన్ చచ్చిపోయింది, ప్రోగ్రాం మాత్రం బతికే ఉన్నట్టు నటించింది. ఇప్పుడు టోకెన్ తీయగానే తెర ఎర్రబడుతుంది.

సాయంత్రం ఒక కాంట్రాక్టర్ ఫోను: "మీ సంతకం చెల్లదంటోందండీ." స్క్రీన్ ఫొటో పంపమన్నాను. ఎర్ర గుర్తు కాదు, పసుపు ప్రశ్న గుర్తు. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్‌లో అందరూ చూసేదే. చెల్లదని కాదు, ఎవరిదో నాకు తెలీదు అని దానర్థం. బాబాయ్ సర్టిఫికెట్ మీద ఇచ్చిన సంస్థ సంతకం ఉంటుంది, ఆ సంస్థ మీద దాని పైవాళ్లది, అన్నిటికీ పైన మన దేశపు మూల సర్టిఫికెట్, 'సీసీఏ ఇండియా 2022' (సీసీఏ అంటే ఈ సంస్థలకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం). ఆ పై మెట్టు రీడర్ నమ్మకపు జాబితాలో లేకపోతే కింద ఎంత పక్కాగా ఉన్నా ప్రశ్న గుర్తే. మధ్య మెట్లన్నిటినీ సంతకంతో పాటే బిల్లులో ఇమిడ్చాను. పై మెట్టుని నమ్మమని చెప్పాల్సింది మాత్రం చూసేవాళ్లే. ఎలా చేయాలో తెలుగులో ఒక పేజీ రాసి పంపాను. మూల సర్టిఫికెట్‌ని సీసీఏ సొంత సైటు నుంచే తీసుకోవాలని, దాని ఫింగర్‌ప్రింట్ (ఆ సర్టిఫికెట్ హ్యాష్) పోల్చి చూడాలని లావు అక్షరాల్లో పెట్టాను. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలుని నమ్మకపు జాబితాలో చేర్చుకుంటే ఇదంతా దేనికి?

పనిలో పనిగా ప్రతి సంతకానికీ బయటి సర్వర్ నుంచి టైమ్‌స్టాంప్ కూడా కలిపాను. రెండేళ్లకి సర్టిఫికెట్ గడువు తీరాక కూడా, సంతకం గడువులో ఉండగా పెట్టిందేనని అది చెబుతుంది.

జులై 4, శుక్రవారం

నాలుగు రోజులుగా ఏ ఫోనూ రాలేదు. ఇవాళ నేనే వెళ్లాను. ఏడు ఇరవైకి షట్టర్ దించేశారు. 58 బిల్లులు, మొత్తం సంతకాలకి నిమిషం చిల్లర.

అకౌంటెంట్ గారు బ్యాగు సర్దుకుంటూ అడిగారు: "మరి మీ బాబాయ్ గారు ఊరెళ్తే ఎలా బాబూ? పిన్ను నాకు చెప్పి వెళ్తే సరిపోద్దిగా?"

సరిపోదన్నాను. సంతకం చేసే అధికారం ఆయనకి ఇస్తున్నట్టు బాబాయ్ లెటర్ ఇస్తే, ఆయన పేరు మీదే ఇంకో సర్టిఫికెట్ వస్తుంది. ఆయన టోకెన్, ఆయన పిన్ను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నా పేరు మీదా?" అన్నారు. పాతికేళ్లుగా ఆ షాపు లెక్కలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి. ఒక్క కాగితం మీదా ఆయన పేరు లేదు.

అక్కడే కూర్చుని అప్లికేషన్ నింపాం. వీడియోకి రేపు పొద్దున తల దువ్వుకుని వస్తానన్నారు. వచ్చేస్తూ ఆయన డ్రాయర్లోంచి ప్లాస్టర్ చుట్ట తీసి నా బ్యాగులో వేసుకున్నాను.